ఉప్మా వండని ఇల్లు

ఢిల్లీ ఆర్.కె. పురంలోని ఒక ప్రభుత్వ క్వార్టర్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా ఉప్మా వండలేదు. ఆ ఇంటి పెద్ద కేంద్ర ప్రభుత్వంలో లెక్కల అధికారి. ఆయనకు ఉప్మా పడదన్న సంగతి పెళ్లయిన కొత్తలోనే భార్య గ్రహించింది. ఎందుకని అడిగితే, "చిన్నప్పుడు చాలా తిన్నాను" అన్నారు. ఆమె ఆ మాటను వేళాకోళంగా తీసుకుంది. తెనాలి వైపు ఇంట్లో పెరిగిన మనిషికి ఉప్మా అంటే అనుకోని చుట్టాలు వచ్చినప్పుడు పదినిమిషాల్లో కలిపి పెట్టే పలహారం. దాని వెనుక ఒక కథ ఉంటుందని ఊహించడానికి ఆధారమేమీ లేదు. పిల్లలిద్దరూ ఆ ఇంటి ఆచారాల్లో అదొకటని అనుకుంటూ పెరిగారు.

నవంబరులో ఒక శుక్రవారం రాత్రి ఆ ఇంట్లో అయిదు కంచాలు ఒకేసారి పెట్టారు. కొడుకు బెంగళూరు నుంచి రెండు రోజుల కోసం వచ్చాడు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి జీతం. విశ్వవిద్యాలయ హాస్టల్లో ఉండి అర్థశాస్త్రం చదువుతున్న కూతురు అన్న వస్తున్నాడని మెట్రో ఎక్కి వచ్చింది. కంటి శుక్లం ఆపరేషన్ కోసం ఊరి నుంచి తీసుకువచ్చిన తల్లి అప్పటికి నెల రోజులుగా అక్కడే ఉంది. ఆమెది పాత పాలమూరు జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లాలో కలిసిన ఒక మెట్ట గ్రామం.

2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఈ ఇంట్లో వచ్చిన తగాదా ఒక్కటే. వంటింట్లో ఉన్నది గోంగూరా, పుంటికూరా అని. పార్లమెంటులో తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆపి తేల్చిన విషయాన్ని భార్యాభర్తలు తలుపులు తీసే తేల్చుకున్నారు: పచ్చడి చేస్తే గోంగూర, పప్పులో వేస్తే పుంటికూర. ఆ శుక్రవారం రాత్రి పప్పులో వేశారు. తల్లి రెండుసార్లు వడ్డించుకుంది. కూతురు కంచంలో సగం అన్నం మిగిల్చి లేవబోతే తండ్రి ఎప్పటిలాగే ఆ కంచాన్ని తన వైపు లాక్కుని మెతుకు లేకుండా తిన్నారు. ఇదీ ఆ ఇంటి ఆచారమే. ఆయన బొజ్జకు కారణం తమ కంచాలేనని పిల్లలు నవ్వుతుంటారు.

శనివారం మధ్యాహ్నం కొడుకు ఫోనులో నొక్కి తన కోసం వేరే తిండి తెప్పించుకున్నాడు. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నాడట, తెల్ల అన్నం మానేశాడట. అట్టపెట్టె మూత తీస్తే లోపల ఉడికించిన జొన్నలు, పైన దోసకాయ ముక్కలు, పన్నీరు, ఏదో ఆకు. నానమ్మ దగ్గరికి జరిగి కొత్తగా చూపు వచ్చిన కన్నుతో అందులోకి తొంగి చూసింది.

"జొన్నలేనా బిడ్డా ఇవి? ఎంతకిచ్చిండ్రు?"

ధర మూడు వందల అరవై రూపాయలు. చెప్పగానే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. కోడలికీ నవ్వాగలేదు. ఆ నవ్వుకు పాత బాకీ ఉంది. భారతదేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏటి కేంద్ర బడ్జెటు ప్రసంగంలో జొన్నలకూ సజ్జలకూ రాగులకూ 'శ్రీ అన్న' అని కొత్త పేరు వచ్చింది. జి-20 విందుల్లో విదేశీ అతిథులకు వాటిని వడ్డించారు. పాలమూరు మెట్టభూముల్లో మాత్రం జొన్న ఏనాడూ శ్రీమంతుల గింజ కాదు. పొద్దున అంబలి, పగలు గట్క, రాత్రి రొట్టె, మూడు పూటలా అదే. వరి అన్నం పండుగకో పెళ్లికో జ్వరం తగ్గి పథ్యం పెట్టేటప్పుడో కనిపించేది. ఇంటికి వచ్చిన పిల్లనిచ్చేవాళ్లకు బువ్వ పెట్టగలిగారా గట్క పెట్టారా అన్నదాన్ని బట్టి ఆ ఇంటి పరువు ఊరిలో నిలిచేది. ఆ పరువును ఊరందరికీ పంచింది 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన రెండు రూపాయల బియ్యం. దాంతోపాటే జొన్నచేలు వెనక్కు తగ్గాయి. మంచే జరిగిందా చెడే జరిగిందా అని పోషకాహార నిపుణులు ఇప్పుడు వాదించుకోవచ్చు. అన్నం కోసం పండుగ దాకా ఎదురుచూసిన వాళ్లను ఆ వాదనకు ఎవరూ పిలవలేదు.

జొన్నల నుంచి మాట బియ్యానికి, బియ్యం నుంచి ఉచితాలకు ఎప్పుడు మళ్లిందో ఎవరూ గమనించలేదు. కొడుకు మొండివాడు కాదు, కఠినుడు అంతకన్నా కాదు. తన ఆఫీసు క్యాంటీన్‌లో, స్నేహితుల వాట్సాప్ బృందాల్లో రోజూ వినే మాటలనే ఇంట్లోనూ అన్నాడు. జీతంలో ఎంత పన్ను కోత పడుతోందో చెప్పాడు. 2022 జులైలో ప్రధానమంత్రి ఉత్తరప్రదేశ్‌లో ఎక్స్‌ప్రెస్ రహదారిని ప్రారంభిస్తూ 'రేవడీ సంస్కృతి' గురించి చేసిన హెచ్చరికను గుర్తు చేశాడు. ఆ హెచ్చరిక చేసిన ప్రభుత్వమే ఉచిత బియ్యాన్ని అయిదేళ్లు పొడిగించిందని చెల్లెలు అడ్డం వస్తే, "అందుకే అంటున్నాను, అన్ని పార్టీలూ అంతే" అన్నాడు. తరువాత ఆ మాట అన్నాడు.

"మన పన్నులతో జనాన్ని కూర్చోబెట్టి మేపుతున్నారు నాన్నా."

తండ్రి చేతిలో ముద్ద ఒక క్షణం ఆగింది. మేపటం పశువులకు వాడే మాట. దూడకు గడ్డి వేస్తే మేపినట్టు, మనిషికి అన్నం పెడితే పెట్టినట్టు. తెలుగు ఈ తేడాను ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చిందో, టీవీ చర్చలు అంత తేలిగ్గా చెరిపేశాయి.

కూతురు ఊరుకోలేదు. ఉచితం కాదు, హక్కు అంది. 2001లో రాజస్థాన్ కరువు రోజుల్లో, ప్రభుత్వ గిడ్డంగుల్లో ధాన్యం మూలుగుతుండగా పల్లెల్లో జనం ఆకలితో ఉన్నారని పౌరహక్కుల ప్రజాసంఘం సుప్రీంకోర్టుకు వెళ్లటం, ఆ నవంబరులో బడి పిల్లలకు వండిన భోజనం పెట్టి తీరాలని కోర్టు ఆదేశించటం, ఆ దారిలోనే 2013లో ఆహార భద్రత చట్టం రావటం, పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం జనాభాకు దాన్ని వర్తింపజేయటం వరుసగా చెప్పింది. పరీక్షకు చదువుకున్నది చెబుతున్నట్టే ఉన్నా తప్పు చెప్పలేదు. అన్న విన్నాడు గానీ ఒప్పుకోలేదు. వెనకటి తరం అలా చేతులు చాచలేదని, లాల్ బహదూర్ శాస్త్రి 1965లో పిలుపునిస్తే దేశమంతా సోమవారం రాత్రి భోజనం మానేసిందని, త్యాగం అంటే అదని అన్నాడు.

నానమ్మ అప్పటిదాకా మౌనంగా వింటోంది. శాస్త్రి పేరు ఆమెకు తెలుసో లేదో గాని, పూట మానటం అన్న మాట మాత్రం అర్థమైంది.

"ఇడిసిపెట్టెటందుకు పూట ఉండాలె గద బిడ్డా," అంది.

ఆ మాట దెప్పిపొడుపుగా అనలేదు. తెలియని పిల్లవాడికి ఒక సంగతి చెబుతున్నట్టు అంది. ఆ ఊపులోనే, కొడుకు వారించేలోగా, కొడుకు కథ మొదలుపెట్టింది. ఆయన ఇరవై ఎనిమిదేళ్లుగా భార్యకు కూడా చెప్పని కథ ఆమె నోటివెంట పెరుగన్నం కలుపుకుంటూ వచ్చింది.

బడిలో ఉప్మా పెట్టేవారట. పచ్చగా ఉండేదట. ఊరిలో పనులు లేని రోజుల్లో, భర్త మేస్త్రీ వెంట శ్రీశైలం డ్యాం పనికి పోయిన నెలల్లో, ఇంట్లో పొయ్యి రాజకపోయినా కొడుకు కడుపు బడి చూసుకునేదట. ఆడపిల్లను బడికి పంపలేదు. చంటివాణ్ణి ఎత్తుకోవాలి, రెండు మేకలను కాయాలి. అందుకని వీడు రోజూ తనకు పెట్టిన దాంట్లో సగం మోదుగాకులో కట్టి, అంగీ లోపల దాచి, చెల్లెకు తెచ్చేవాడట. "ఏడెనిమిదేండ్ల పోరడు. ఎవరు చెప్పిండ్రు వానికి? రోజు తెచ్చేటోడు. ఒక్కనాడు గూడ ఉత్త చేతుల రాలే."

భోజనాల బల్ల దగ్గర ఎవరూ మాట్లాడలేదు. కూతురు తండ్రి వైపు కొత్తగా చూసింది. కొడుకు పెట్టెలోని జొన్నలను చెంచాతో ఇటు నుంచి అటు జరుపుతూ కూర్చున్నాడు. భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల్లి ముఖంలో కన్నబిడ్డను పొగుడుకున్న తృప్తి. ఆయన ఒక్కరే చేయి కడుక్కోవడానికి లేచి, కుళాయి కింద అవసరానికి మించి సేపు నిలబడ్డారు. తల్లి చెప్పిన దాంట్లో ఆఖరి మాట నిజం కాదు.

ఆ ఉప్మా అమెరికా నుంచి వచ్చేది. 1954లో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన 480వ చట్టం కింద, తమ రైతుల దగ్గర మిగిలిపోయిన ధాన్యాన్ని మిత్ర దేశాలకు తరలించే ఏర్పాటులో ఓడలెక్కి మన రేవులకు చేరిన గోధుమల కథ రాజకీయ విద్యార్థులందరూ చదువుకున్నదే. ఆ గోధుమల్ని అడ్డం పెట్టుకుని వియత్నాం విషయంలో ఇందిరాగాంధీ నోరు మూయించాలని జాన్సన్ చూశారని, గొంతు దాకా ఇచ్చి ఓడలు ఆపేవారని, ఆ అవమానం నుంచే హరిత విప్లవానికి పట్టుదల పుట్టిందని పుస్తకాలు చెబుతాయి. అదంతా ఢిల్లీ, వాషింగ్టన్ల మధ్య జరిగిన సంగతి. మెట్టగ్రామపు బడిలో అది కేర్ సంస్థ పంపిన సంచి. సంచి మీద ఒకరి చేతిని మరొకరు పట్టుకున్న బొమ్మ. లోపల పసుపుపచ్చని మొక్కజొన్న నూక, సోయా పిండి కలిసిన రవ్వ. బడి వెనుక మూడు రాళ్ల మీద పెద్ద గంజులో ఉడికితే వచ్చే ఆ వాసన పలకల మీద అక్షరాలను కదిలించేది. ఏ దేశపు మిగులో, ఏ అధ్యక్షుడి ఎత్తుగడో వరుసలో కూర్చున్న పిల్లలకు అనవసరం. ఎవరి ఆకులో ఎంత పడిందన్నదే వారి రాజకీయం.

చెల్లెలు ఊరి చివర చింతచెట్టు కింద మేకలతో ఉండేది. చంకలో తమ్ముడు. అన్న కనిపించగానే తమ్ముణ్ణి దించి చేతులు లంగాకు తుడుచుకునేది. ఆ రోజు, బహుశా 1978లో కావచ్చు, ముందురోజు రాత్రి ఇంట్లో ఏమీ లేదు. బడిలో సగం తిని సగం కట్టుకున్నాడు. దారిలో పొట్లం వేడిగా ఛాతీకి తగులుతోంది. విప్పి ఒక్క పిడికెడు తిన్నాడు. మళ్లీ కట్టాడు. కట్ట వద్ద మళ్లీ విప్పాడు. చింతచెట్టు కనిపించే మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆకు మిగిలింది. దాన్ని ముళ్లకంపలో పడేసి, మూతి తుడుచుకుని, "ఈ రోజు బళ్లె ఉప్మా వండలే" అన్నాడు. చెల్లెలు సరేనంది. అతడి మూతి మీద ఏమైనా అంటుకుని ఉందేమో, ఆమె చూసిందేమో, ఆయనకు ఇప్పటికీ తెలియదు. తమ్ముణ్ణి తిరిగి చంకకు ఎత్తుకుంది. మరునాడు కూడా అక్కడే నిలబడి ఉంది. ఆ తరువాత ఆయన ఎన్నడూ సగం మానలేదు. తల్లికి తెలిసింది ఆ సగమే.

సంక్షేమ హాస్టల్లో సీటు వచ్చేనాటికి అతడికి పన్నెండేళ్లు. నీళ్లపప్పు, అన్నంలో రాళ్లు. అయినా మూడు పూటలు. మరుసటి ఏడాది రెండు రూపాయల బియ్యం వచ్చింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి ఎక్కువలో ఎక్కువ 25. నానమ్మతో కలిపి ఆ ఇంట్లో ఆరుగురు. 30 రావలసిన చోట 25 వద్ద ఆగింది. రోజుకు ఎనిమిది వందల ముప్పై మూడు గ్రాములు. తలకు నూట ముప్పై తొమ్మిది. ఆయన లెక్కల అధికారి అయ్యాక వేసిన లెక్క ఇది. తల్లి అప్పుడే సోలతో వేసింది. కార్డులో పేరు ఉండి ఇంట్లో నోరు లేని కొడుకు ఆ లెక్కలో ఎంత విలువైనవాడో ఆమెకు తెలుసు. హాస్టల్లో తినే కొడుకు వాటా బియ్యం ఇంట్లో కూతురి కంచంలో పడింది. ప్రభుత్వం రెండు చోట్ల అన్నం పెడితే తప్ప ఆ ఇంట్లో ఒక ఆడపిల్లకు కడుపు నిండలేదు. ఈ ముక్క ఏ ఆర్థిక సర్వేలోనూ కనిపించదు, 'రెండుసార్లు లబ్ధి' అన్న అభ్యంతరం కింద తప్ప.

ఆదివారం మధ్యాహ్నం ఆనవాయితీ ప్రకారం ఆంధ్ర భవన్‌కు వెళ్లారు. అశోకా రోడ్డులోని ఆ క్యాంటీన్ ఢిల్లీ తెలుగువారికి దేవాలయం లాంటిది, అందులోనూ ఆదివారం బిర్యానీ ఉత్సవం లాంటిది. భవనాన్ని ఎలా పంచుకోవాలని రెండు రాష్ట్రాలూ ఏళ్ల తరబడి ఫైళ్లు నడిపాయి గానీ కూపన్ల దగ్గర వరుస మాత్రం విడిపోలేదు. పంజాబీలు, బెంగాలీలు, పక్క మంత్రిత్వ శాఖల గుమాస్తాలు, పార్లమెంటు సభ్యుల వెంట వచ్చినవాళ్లు అందరూ ఒకే వరుసలో నిలబడతారు. నానమ్మను కోడలూ మనవరాలూ కుర్చీలో కూర్చోబెట్టి దగ్గర ఉన్నారు. తండ్రీ కొడుకూ వరుసలో ముప్పావుగంట నిలబడ్డారు.

ఆ వరుసలోనే ఆయన కొడుక్కి చెప్పారు. ఉపోద్ఘాతం లేదు. "మీ నానమ్మ నిన్న చెప్పినదాంట్లో ఒక రోజు తక్కువ," అని మొదలుపెట్టి, ముళ్లకంపలో పడేసిన ఆకు దాకా చెప్పి ఆపేశారు. ముందున్నవారు రెండడుగులు జరిగితే తామూ జరిగారు.

కొడుకు కాసేపటికి, "అత్తకు తెలుసా?" అన్నాడు.

"తెలియదు."

"ఇప్పుడు అత్త వాళ్లు..."

"రేషను బియ్యమే. నువ్వు నిన్న మేపుతున్నారన్నావే, ఆ జాబితాలో నాలుగు పేర్లు వాళ్లవి."

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పారు. కొడుకు క్షమించమని అడగలేదు, అభిప్రాయం మార్చుకున్నానని కూడా అనలేదు. పన్నుల గురించి అతడు వేసిన ప్రశ్నలు కొన్ని ఆ తరువాతా అలాగే ఉన్నాయి. అన్నిటికీ జవాబు తండ్రి దగ్గరా లేదు. ఎన్నికలకు ముందు వారం ఖాతాల్లో పడే డబ్బును, నెలనెలా పంపిణీ అయ్యే బియ్యాన్ని ఒకే మాటతో పిలవటం మాత్రం తప్పని ఆయనకు తెలుసు. ఆ తేడాను ఇరవై ఏడేళ్ల కొడుక్కి ఇంట్లోనే ఎప్పుడో చెప్పి ఉండవలసిందనీ తెలుసు. సిగ్గుపడి దాచుకున్న తండ్రుల ఇళ్లల్లోనే ఈ మాటలు పుడతాయి. పిల్లలు ఆకలి చూడకూడదనుకున్నవారు, ఆకలి కథ కూడా వినకుండా వారిని పెంచారు. రేషను కార్డు చూపి హాస్టల్లో చేరి, ఫీజు రాయితీతో డిగ్రీ చదివి, రిజర్వేషన్‌తో ఉద్యోగం పొంది, ఆ మెట్లన్నిటినీ ఇంటికొచ్చే చుట్టాలకు కనిపించకుండా అటక మీద దాచినవారు ఆ క్వార్టర్లలో ఆయన ఒక్కరే కాదు.

వడ్డించేవాళ్లు ఆగకుండా తెచ్చారు. పొడి, నెయ్యి, పప్పు, బిర్యానీ. నానమ్మ "సాలు కొడుకా, సాలు" అంటూనే పెట్టించుకుంది. కొడుకు ఆ రోజు అన్నం తిన్నాడు. కంచంలో కొంచెం మిగిలింది. తండ్రి చేయి అలవాటుగా ముందుకు వచ్చేలోపే అతడు మళ్లీ కలుపుకోవటం మొదలుపెట్టాడు.

రాత్రి చెల్లెలు ఫోను చేసింది. తల్లి కన్ను ఎలా ఉందో అడిగింది. తరువాత, ఎప్పటిలాగే, బియ్యం సంగతి. 2025 ఉగాది నాడు తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన సన్నబియ్యం పథకంలో మనిషికి 6 కిలోలు. నలుగురికి 24. ఇదివరకు దొడ్డుబియ్యం తిన్నవాళ్లు తినేవారు, అమ్ముకున్నవాళ్లు అమ్ముకునేవారు. ఇప్పుడు ఊళ్లో ఎవరూ అమ్మటం లేదంది. పెద్దవాళ్ల ఇళ్లల్లో వండే బియ్యంలాగే ఉందట. ఆమె ఈ మాటను మూడుసార్లు మూడు రకాలుగా చెప్పింది. ఆయన ఊఁ కొడుతూ ఒక సందు కోసం చూశారు. చింతచెట్టు అని రెండుసార్లు నోటి దాకా వచ్చింది. అంతలోనే ఆమె, "అల్లుడొచ్చిండంట గద? ఫోనియ్యి" అంది.

కొడుకు ఫోను అందుకుని గొంతు సవరించుకున్నాడు. అత్తతో మాట్లాడి ఏడాది అయి ఉంటుంది.

"తిన్నవా అల్లుడా?"

"తిన్నా అత్తా."

"ఏం తిన్నవ్?"

"అన్నం," అన్నాడు. ఇంకేదో అనబోయి ఆగి, ఫోను తండ్రికి ఇచ్చేశాడు.

ఊరివాళ్లెవరో మరుసటి వారం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ వస్తున్నారని, అమ్మకు సన్నబియ్యం రుచి చూడటానికి పంపుతానని చెల్లెలు చెబుతోంది. ఢిల్లీలో బియ్యం దొరకవా, ఎందుకు శ్రమ అని ఆయన వారిస్తుంటే, మంచం మీద నుంచి తల్లి కేకేసింది.

"వద్దనకురా. పంపనీ. ఎన్ని సోలలు పంపుతదో అడుగు."

ఆయన అడిగారు. అవతల చెల్లెలు నవ్వింది.

"సోలల లెక్క ఎవరు జేస్తున్నరన్నా ఇప్పుడు? సంచి నింపి పంపుత."